రేవు తెరిచిన రోజు

నా చిన్నప్పుడు మా ఊరి రేవుకు లంక పడవ వచ్చిందంటే పిల్లలమంతా కరకట్ట మీదికి పరుగు తీసేవాళ్లం. అణాలు పోయి నయాపైసలు వచ్చిన కొత్త రోజులవి. నాగాయలంకకు ఇవతల, కృష్ణ పాయ ఒడ్డున మా ఊరు. అవతల, ఏటి మధ్యనున్న లంకలో ఇసుక నేల, కూరగాయలు విరగకాసేవి. వంకాయలు, దోసకాయలు, లేత పొట్లకాయలు పడవ నిండా తెచ్చి చవగ్గా అమ్మేవారు.

మా ఊళ్లో వంగతోట వేసిన రైతు ఒకతను, తన కాయలు ఎవరూ కొనడం లేదని మా తాతయ్య దగ్గర వాపోయాడు. ఊరికి పెద్ద తాతయ్యే. మన డబ్బంతా ఏరు దాటిపోతోందని ఆయనకీ కోపం వచ్చి, లంక పడవలు మా రేవులో ఆగకూడదని చాటింపు వేయించారు. మొదట్లో ఊరంతా ఏదో గెలిచినట్టే ఉంది.

తరవాత వంకాయల ధర పెరిగింది. అది అలా ఉంచితే, మా గడ్డివాములు వేసినవి వేసినట్టే ఉండిపోయాయి. కుమ్మరి మావయ్య వాకిట్లో కుండలు పేరుకుపోయాయి. కొనేవాళ్లు ఏమైపోయారో తాతయ్యకు అంతుపట్టలేదు.

ఒక పొద్దున నాయనమ్మ ఏమీ చెప్పకుండా ఆయన్నీ నన్నూ రేవుకు తీసుకెళ్లింది. పై ఊరి నుంచి లంక పడవ ఒకటి తిరిగి వెళ్తోంది. దాని మీద గడ్డి కొండలా ఉంది.

"ఆ గడ్డి ఎవరిది?" అన్నారు తాతయ్య.

"పై ఊరివాళ్లదండీ. నిరుడు మనదే. లంకలో వరి లేదు, గొడ్లకు గడ్డి కావాలి. మీరు పడవ రావడమే చూశారు, వెళ్లడం చూడలేదు. మనం కూరగాయలకిచ్చిన డబ్బుతోనే కదండీ వాళ్లు మన గడ్డి కొన్నది?"

తాతయ్య ఆ పడవ మలుపు తిరిగేదాకా చూశారు. "మరి ఆ వంగతోట అబ్బాయి సంగతేంటి?" అన్నారు చివరికి.  అతన్నే అడుగుదామంది నాయనమ్మ. లంక ఆడవాళ్లు కనకాంబరాలు అడుగుతుంటారని, నారు దొరికితే వేసి చూస్తానని అతను తటపటాయిస్తూ చెప్పాడు. నారు తాతయ్యే తెప్పించి ఇచ్చి, లంక పడవలు మళ్లీ మా రేవులో ఆగవచ్చని చాటింపు వేయించారు.

మళ్లీ పడవ వచ్చిన రోజు చూడాలి మా ఊరిని! పడవ మలుపు తిరగకముందే కట్ట మీద జనం. తాతయ్య పంచె ఎగగట్టి మోకాల్లోతు నీళ్లలోకి దిగి, తానే తాడు అందుకున్నారు. కూరగాయల గంపలు దిగుతుండగానే కుండలు ఎక్కుతున్నాయి. నేనూ ఒక గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని పరుగెత్తాను. జడ నిండా గడ్డిపరకలే. అంత సంబరం మళ్లీ ఏ పండక్కీ చూడలేదు.

ఈ వయసులో కూడా, బయటి సరుకు ఆపేయాలని ఎవరైనా అంటే, వాళ్లకు మనం అమ్ముతున్నదేమిటని అడుగుతాను. ఆపకపోతే నష్టపోయే మనిషెవరని కూడా అడుగుతాను. ఆ మనిషికి దారి చూపకుండా మాటల్లో గెలవడం నాయనమ్మ నాకు నేర్పలేదు.