వీపు మీది చిన్న రెక్క

కెనడాలో మనవరాలి దగ్గరికి పోయినప్పుడు, సముద్రం పోటెత్తితే వెనక్కి పారే ఏటి ఒడ్డున నా ఈడు ముసలామె ఒకతె గాలం విసురుతోంది. గాలానికి గిరగిరా తిరిగే తళుకు రేకు ఉంది. మంచాన పడ్డ మొగుడు కోహో సాల్మన్ చేప అడిగాడట. పొద్దంతా విసరగా ఒక్కటి పడింది. దాని వీపు మీది చిన్న రెక్కను తడిమి, నీళ్లలోకి వదిలేసింది.

"ఏందమ్మా, నోటికాడి కూడు ఇడుస్తాండావే!" అన్నాను.

ఆమెను అడిగి మనవరాలు చెప్పింది: "మనుషులు పెంచి వదిలినవాటికి ఆ రెక్క కత్తిరిస్తారంట అవ్వా. వాటినే తినాలంట. ఇది ఏట్లో పుట్టింది, గుడ్లు పెట్టేకి పోతాండాది."

ఆళ్లగడ్డలో కరువొచ్చినా మా అమ్మ విత్తనపు జొన్నలు దంచలేదు.

సంచిలోని జొన్నరొట్టె ఆమె చేతిలో పెట్టాను. సగం తుంచి తిని, మిగతా సగం మొగుడికి దాచుకుంది.