లచ్చక్క కట్టిన సొరకాయ బుర్ర

నిన్న పొద్దున టీ తాగుతుంటే ఫ్యామిలీ గ్రూప్‌లో మెసేజ్ వచ్చింది.

"లచ్చక్క ఇక లేదు."

మళ్లీ మళ్లీ చదివాను. మొన్న ఆదివారమే ఫోన్ చేసి నన్ను కడిగిపారేసిన మనిషి. ఎట్లా లేదు?

కింద అందరూ దండం బొమ్మలు పెట్టారు. మా కజిన్ ఒకాయన మాత్రం కామెంట్ రాశాడు: "మంచిదే గానీ మహా మొండి."

ఒళ్లు మండిపోయింది. అందుకే ఈ పోస్ట్.

లచ్చక్క మా చిన్నబాపు, అంటే మా నాన్న తమ్ముడి కూతురు. నాకన్నా ఏడేళ్లు పెద్ద. మాది హుస్నాబాద్ దగ్గర పల్లె. అరవైల్లో మాట ఇది. అప్పటికి కరెంటు మోటార్లు లేవు, బావుల మీద ఎడ్లు మోట లాగేవి.

ఎండాకాలం వస్తే మా ఇంటి మగపిల్లలకు పండగే. నీళ్లలో తేలేందుకు నడుముకు ఎండిన సొరకాయ బుర్ర కట్టి, బాపులే బావిలోకి తోసేవాళ్లు. కొన్నాళ్లు నీళ్లు మింగి ఏడ్చేవాళ్లు. తర్వాత బుర్ర విప్పేసి గట్టు మీది నుంచి దూకేవాళ్లు.

మరి ఆడపిల్లలకు?

"బాయి దిక్కు తొంగి సూడకుండ్రి." అంతే.

ఆ బావిలో కడవలు ముంచేది మేము. ఆ మెట్ల మీద బట్టలు పిండేది మేము. ఈత మాత్రం వాళ్లకు!

లచ్చక్క చెల్లెలు బుచ్చి. నా ఈడుది. ఒక మధ్యాహ్నం దుప్పటి జాడిస్తూ మెట్టు మీద కాలు జారి బావిలో పడింది.

గట్టున ఉన్నది ఆడపిల్లలమే. ఒక్కరికీ ఈత రాదు.

లచ్చక్క కింది మెట్టు దాకా దిగి కొంగు విసిరింది. బుచ్చి చేతికి అందలేదు. మళ్లీ విసిరింది. మేం గొంతు చించుకొని అరుస్తూనే ఉన్నాం. మగవాళ్లు చెలకలో పని వదిలి ఉరికొచ్చి దూకేసరికే అంతా అయిపోయింది.

ఇంటికి పెద్ద మా పెద్దబాపు. "దాని నొసట గంతే రాసున్నది" అన్నాడు. వాకిట్లో ఉన్న వాళ్లంతా తలలూపారు.

లచ్చక్క లేచి నిలబడింది. "రాత గాదు పెద్దబాపూ. మాకెవ్వలకు ఈత రాదు. మీరు నేర్పలే."

మరుసటి ఎండాకాలం తనే బుర్ర కట్టుకొని, తాడు గట్టు మీది గుంజకు బిగించి, ఈత నేర్చుకుంది. తర్వాత మా వెంట పడింది. మగవాళ్లు కునుకు తీసే వేళ చూసి బావికి తీసుకుపోయేది. నేను భయంతో మెట్టు వదలకపోతే వీపు మీద ఒక్కటిచ్చి తోసింది. ముక్కు నిండా నీళ్లు. ఏడ్చాను, తిట్టాను. నా నడుముకు కట్టిన తాడు మాత్రం అక్క గట్టిగా పట్టుకునే ఉంది.

పెద్దబాపుకు తెలిసింది. బుర్రలన్నీ బండకేసి పగలగొట్టాడు.

"ఆడిపిల్లలకు ఈతలేందే? ఖాందాన్ పరువు తీస్తవా?"

"నీళ్లల్ల పడితె నీ పరువొచ్చి గుంజుతదా?"

చెంప పగిలింది.

మర్నాడు లచ్చక్క వాళ్ల అవ్వ, బుచ్చిని కన్న తల్లి, అటక మీద విత్తనానికని దాచిన ఎండు సొరకాయలు దించి బిడ్డ చేతిలో పెట్టింది. "పో" అంది. ఆ ఏడు మా ఇంట్లో సొరపాదు పెట్టలేదు.

ఇదీ ఆమె మొండితనం. కామెంట్ పెట్టిన పెద్దమనిషికి బుర్ర కట్టింది వాళ్ల బాపు. మరి మాకెవరు కట్టారు?

ఇప్పుడేమన్నా మారామా? పిల్లలకు కోచింగ్, ర్యాంకులు, చేతికో ఫోన్. ఫెయిల్ కావద్దని చెప్తాం, ఫెయిలైతే ఎట్లా లేవాలో చెప్పం. ఏటా ఎండాకాలం ట్రిప్‌కు పోయిన పిల్లలు నీళ్లలో మునిగి పోతారు. మనం "విధి" అని స్టేటస్ పెట్టుకుంటాం. పెద్దబాపు పోయి ఏళ్లయింది, ఆయన మాట మాత్రం మన నోళ్లలో బతికే ఉంది.

ఆదివారం అక్క నన్ను తిట్టింది కూడా ఇందుకే. మా మనవరాలికి ఈత నేర్పమంటే, ఎగ్జామ్స్ అయిపోనీ అని మా వాళ్లు దాటేస్తున్నారు.

"ఎగ్జాములు ఎన్నడొడుస్తయే? పోరికి గవే నేర్పుతున్నరా, బతుకుడు గూడ నేర్పుతున్నరా?"

నిన్న చివరిచూపుకు పోతే, ఆమె గదిలో మేకుకు ఒక ఎండు సొరకాయ వేలాడుతోంది. తాడు కూడా కట్టి ఉంది. చెత్తలో పడేద్దామన్నారెవరో. లాక్కొని ఇంటికి తెచ్చాను.

ఈ ఆదివారం మనవరాలి నడుముకు కడతాను. ఎగ్జామ్ ఉంటే ఉండనీ. అడ్డమొచ్చేవాళ్లు ముందు నాతో మాట్లాడండి.

పోయిరా లచ్చక్కా. బుచ్చి కనిపిస్తే చెయ్యి చాపు, ఈసారి అందుతుంది.

ఇక నెమ్మదిగా ఉండు తల్లీ. తాడు నేను పట్టుకున్నాను.