లైవ్ మధ్యలో మరియమ్మ పిన్ని ఫోన్

ప్రజాస్వామ్యానికి నాలుగో స్తంభమైన నేను ఈ రోజు మధ్యాహ్నం విధి నిర్వహణలో ఘోరంగా విఫలమయ్యాను. గురజాల పక్క ఊళ్లో సెంటర్లో ఫ్లెక్సీ ఎవరిది ఉండాలన్న మహత్తర సిద్ధాంతం మీద రెండు వర్గాలు కర్రలతో తలపడ్డాయి. నేను గోడ పక్కన నక్కి, సెల్‌ఫోన్ అడ్డంగా పట్టుకుని మా చానల్‌కి లైవ్ ఇస్తున్నాను. ఒకడి పన్ను ఊడి నా చెప్పు మీద పడింది. అయినా లైవ్ ఆపలేదు.

అప్పుడే చేతిలోని అదే ఫోన్ మోగింది. మా వీధి మరియమ్మ పిన్ని. ఆమె మొగుడు యేసోబు బాబాయ్ ఆ గుంపులోనే ఉన్నాడు. ఎత్తాను, లైవ్ ఆగిపోయింది.

“నీ లైవే చూస్తన్నా! మీ బాబాయ్ ఎనకమాల గళ్ల చొక్కావోడు ఇనపరాడ్డు పట్టుకొని వస్తన్నాడు. కేకెయ్యరా, సచ్చినోడా!”

“బాబాయ్, ఎనక!” అని అరిచాను. ఆయన పక్కకు ఒరిగాడు. తల పగలాల్సిన దెబ్బకు భుజం విరిగింది.

ఆస్పత్రిలో కట్టు కడుతుంటే బాబాయ్ మూలుగుతూ అడిగాడు.

“ఒరేయ్, అంతకుముందు నేను ఇద్దర్ని కొట్టా గదా, అది లైవ్‌లో పడిందా?”

“చానా బాగా పడింది బాబాయ్. ఎస్సైగారు కూడా చూశారంట.”

అసలు దెబ్బ లైవ్‌లో పడకుండా పోయిందని మా చానల్ డెస్క్ ఇన్‌చార్జి ఇంకా తిడుతూనే ఉన్నాడు. లైవ్ కింద జనం “తర్వాత ఏమైంది బ్రో?” అని అడుగుతున్నారు. మనిషి బతికాడు బ్రో. ఇంత చప్పగా ముగించినందుకు క్షమించండి. మీరైతే ఆ ఫోన్ ఎత్తేవారా, కట్ చేసేవారా?