ఆగిన చెయ్యి

డెబ్బయ్యవ దశకం నడుమ నన్ను సంగారెడ్డికి ప్రొబేషన్ అధికారిగా వేశారు. నేరం చేసి దొరికిన పిల్లవాడి ఇల్లు, నడవడి, మానసిక స్థితి విచారించి మేజిస్ట్రేటుకు నివేదిక ఇవ్వడం నా పని. అబద్ధాన్ని ఇట్టే పసిగడతానని నాకు మహా నమ్మకం.

పటాన్‌చెరు దగ్గర ఒక కార్ఖానాలో రాగి తీగ ఎత్తుకెళ్లబోయిన ముగ్గురిలో ఒక్కడే దొరికాడు. పేరు సామ్యేలు, పద్నాలుగేళ్లు. మిగతా ఇద్దరూ గోడ దూకితే వీడు తీగచుట్ట పట్టుకుని అక్కడే నిలబడ్డాడట. పారిపోని దొంగ ఉంటాడా? విచారణలోనూ అంతే. తోడొచ్చినవాళ్ల పేర్లు అడుగుతుంటే మాట మధ్యలో ఆపి గోడకేసి చూశాడు. కాసేపటికి "ఏమడిగిన్రు సార్?" అన్నాడు. ఎంత టక్కరివాడు అనుకున్నాను.

ఇస్నాపూర్‌లో కిరాయి గదిలో ఉండే వాడి తల్లి సుందరమ్మను కలిశాను. "వాడు నడుమ నడుమ గట్లనే ఆగిపోతడు సార్. నాటకం కాదు," అంది. పక్కింటామె కూడా అచ్చం అదే చెప్పింది. ఇద్దరి మాటా అంతగా కలిస్తే కూడబలుక్కున్నారని నా లెక్క. 'మతి సరిగానే ఉంది, నటిస్తున్నాడు' అని నివేదిక రాసి పెట్టుకున్నాను. అది కోర్టుకు చేరితే వాడిని కొన్నేళ్లపాటు బాలనేరస్తుల బడికి పంపుతారు. ఆమెకు ఉన్నది వాడొక్కడే.

నివేదిక ఇచ్చే ముందు రోజు మధ్యాహ్నం, విచారణలో ఉన్న పిల్లల్ని ఉంచే వసతి గృహానికి వెళ్లాను. అధికారులు ఎదుట లేనప్పుడు వేషం తీసేస్తాడు కదా, పట్టుకుందామని కిటికీ పక్కన నిలబడ్డాను. పిల్లలు తింటున్నారు. సామ్యేలు రొట్టె ముక్క పప్పులో అద్ది ఎత్తాడు. చెయ్యి నోటి దగ్గర ఆగిపోయింది. పక్క కుర్రాడు ఏ తొందరా లేకుండా వాడి పళ్లెంలో మిగిలిన రొట్టె తీసుకుని తినేశాడు. సామ్యేలు తేరుకుని, పళ్లెం చూసుకుని, మిగిలిన పప్పు నాక్కున్నాడు.

ఆ కుర్రాణ్ణి పిలిచి అడిగాను. "రోజూ గంతే సార్. వాడు ఆగంగనే తీస్కుంటం. వంతులు పెట్టుకున్నం," అన్నాడు.

నాకు సిగ్గేసింది. ఆకలి మీదున్న పిల్లవాడు తన రొట్టె పోగొట్టుకుని ఎవరి కోసం నటిస్తాడు? కార్ఖానా గోడ దగ్గర నిలబడిపోయింది కూడా ఇలా ఆగిపోవడం వల్లే.

నివేదిక చించి మళ్లీ రాశాను, వైద్యపరీక్ష కోరాను. డాక్టరు అది మూర్ఛలో ఒక రకమని తేల్చి మాత్రలు రాశారు. దొంగతనానికి వెళ్లిన మాట నిజమే, వాడూ ఒప్పుకున్నాడు. మేజిస్ట్రేటు వాడిని నా పర్యవేక్షణ కింద తల్లికి అప్పగించారు.

ఆ తరువాత నేను అనుమానించడం మానలేదు, అది నా ఉద్యోగం. కానీ ఏ పిల్లవాడి విచారణనైనా వాడి పక్కన కూర్చుని తినేవాళ్లతోనే మొదలుపెట్టేవాణ్ణి. సామ్యేలు గురించి నేను నెల రోజులు తిరిగి తెలుసుకోలేనిది, వాళ్లకు వంతులు వేసుకునేంత బాగా తెలుసు.