తడిస్తే సాగే పురుగులు

నా చిన్నప్పుడు గంగ ఒడ్డున వాట్‌గంజ్ క్వార్టర్స్ వరండాలో కూర్చుని మా తాతయ్య పురుగులు వేరుచేసేవారు. పురుగుల నమూనాలు దాచే ఒక ఆఫీసులో ఆయన అటెండరు. ఐదో తరగతి దాటలేదు. అయినా చూసి చూసి, ఒకేలా కనిపించే కురచ రెక్కల పురుగుల్ని జాతులవారీగా విడదీయడం నేర్చుకున్నారు. వాటిని రోవ్ బీటిల్స్ అంటారు. రెక్కలు వీపు దాటవు. పొట్ట కట్టుకట్టుగా బయటే ఉంటుంది.

ఒక వానాకాలం ఆయన పదహారు పురుగుల్ని నా ముందు పెట్టి, వీటిలో రెండు జాతులున్నాయి, విడదియ్యమన్నారు. స్కేలుతో కొలిచి పొడవువి తొమ్మిది, పొట్టివి ఏడు అని తేల్చాను.

"అయిపోనాదేటి, లెక్కల మేష్టరమ్మా?" అని, ఎండిన పొట్టి పురుగునొకదాన్ని గోరువెచ్చని నీళ్లలో వేశారు. మర్నాటికి దాని పొట్ట కట్లు విడివడి, పొడవువాటితో సమానంగా సాగింది.

"పొట్ట తడిస్తే సాగుతాది, ఎండితే ముడుసుకుంటాది. దాని మాట నమ్మకు. తల కొలిసి సూడు. గట్టిది మారదు."

భూతద్దం కింద తలల వెడల్పు కొలిస్తే పదకొండు ఒక జాతి, ఐదు ఇంకో జాతి అయ్యాయి.

ఆ వారమే పక్కింటి అక్క భర్త కనిపించకుండా పోయాడు. బడ్జ్ బడ్జ్ వైపు సరుకు పడవల మీద పనిచేసేవాడు. ఆరో రోజున, గంగలో దొరికిన శవాన్ని చూడమని పోలీసులు అక్కను పిలిచారు. సాయంత్రానికి తిరిగొచ్చింది.

"ఆయన కాదు. మా ఆయన పుల్లలాగుంటాడు గదా. ఆడెవుడో, ఇంత లావు మనిషి. ఎవురి బిడ్డో పాపం."

వరండా అంతా ఊపిరి పీల్చుకుంది. అక్క చేపల పులుసు వండి ఇంటింటికీ గిన్నెలు పంపింది. నాకు జడ వేస్తూ, "రానీ, గుమ్మం ఎక్కనిస్తానేటి" అని నవ్వింది. తాతయ్య ఆ పులుసు ముట్టలేదు. ఎవరూ అడగని శవాన్ని నాలుగు రోజుల్లో కాల్చేస్తారనీ, ఆ తర్వాత ఈ పిల్ల బతుకంతా గుమ్మం వైపే చూస్తుందనీ అమ్మతో మెల్లగా అనడం విన్నాను.

మర్నాడు పొద్దున్నే తాతయ్య పక్కింటి అక్క దగ్గరికి వెళ్తుంటే వెనకే వెళ్లాను. ఆమె చేటలో బియ్యం ఏరుతోంది.

"నీళ్లలో ఉంటే ఎవులైనా ఉబ్బుతారమ్మా. పళ్లు ఉబ్బవు. మీ ఆయన ముందు పన్ను సగం ఇరిగుంటాది కదా. ఆ శవం నోట్లో సూసావేటి?"

ఆమె చేతులు ఆగలేదు. రాయి తీసి పక్కన పెట్టింది. ఇంకో రాయి తీసింది.

"సూసాను తాతా."

మరో రాయి తీసి, "ఇంకొక్క రోజు ఆయన్ని బతికుండనిద్దామనుకున్నాను" అని, చేట పక్కన పెట్టి, చెప్పులేసుకుని ఆయన వెంట నడిచింది.

నాకిప్పుడు యాభై దాటాయి. బడిలో నేర్చినదానికన్నా సొంతంగా నేర్చుకున్న లెక్కే ఎక్కువ. జవాబు మరీ నాకు నచ్చినట్టు వస్తే, దేన్ని కొలిచానో వెనక్కి వెళ్లి చూసుకుంటాను. అది తాతయ్య నేర్పింది. అక్క నేర్పింది మాత్రం ఏ లెక్కలోనూ ఇమడలేదు. ఎవరైనా సంతోషంగా తప్పు కొలత చెబుతుంటే, దిద్దబోయి ఆగుతాను. వాళ్లకు తెలిసే చెబుతున్నారేమోనని ముందు వాళ్ల చేతుల వైపు చూస్తాను.