ఎగరనిచ్చే మనిషి

మావయ్యగారు పోయారన్న సంగతి మా ఇంట్లో అందరికంటే ఆఖరున తెలిసింది నాకే. ఆ వేళకి నేను ద్రాక్షారామం దగ్గర ఒక దాళ్వా వరి చేలో డ్రోన్‌తో అగ్గితెగులు మందు కొడుతున్నాను. బండి సీటు మీద పెట్టిన ఫోన్ మోగుతోంది, ఆగుతోంది, మళ్ళీ మోగుతోంది. "అమ్మా, ఎవరో ఒకటే చేస్తున్నారు, చూడు" అన్నాడు చేను ఆసామి. "మోగనివ్వండి బాబాయిగారూ" అన్నాను. డ్రోన్ గాల్లో ఉంది. అది దిగి, రెక్కలు ఆగి, బ్యాటరీ ఊడదీసి పక్కన పెట్టాకే ఫోన్ ఎత్తాను. "నాన్న పోయారు" అన్నారు మా ఆయన. పొద్దున్న కాఫీ తాగి, పేపరు చదువుకుంటూ కుర్చీలోనే ఒరిగిపోయారట.

ఇంటి నిండా చుట్టాలు. మావగారు పోతే కోడలు ఫోన్ కూడా ఎత్తలేదంట అని చెవులు కొరుక్కున్నారు. కొరుక్కోనివ్వండి. డ్రోన్ గాల్లో ఉండగా ఫోన్ ముట్టుకోకూడదని నాకు నేర్పింది ఆ పోయిన మనిషే. నేనే గనక ఎత్తి ఉంటే ఆ కుర్చీలోంచి లేచొచ్చి మరీ తిట్టేవారు.

మావయ్యగారు అంటే మా ఆయన తండ్రిగారు. ఎయిర్ ఫోర్స్‌లో ఇంజన్ ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. మా వైపు యూనిఫాం వేసుకున్న ప్రతివాడూ మిలట్రీయే కాబట్టి ఊళ్ళో ఆయన్ని మిలట్రీ గారనే అనేవారు. ఏ పెళ్ళిలోనో పక్క కుర్చీలో కొత్తాయన కూర్చున్నాడంటే ఈ ముక్కలు తప్పవు:

"యుద్ధ విమానాలు నడిపేవారాండీ?"

"లేదండి. నేను నడపలేదు. బాగుచేసేవాణ్ణి."

"యుద్ధ విమానాలే కదండీ?"

"కాదండి. రవాణా విమానాలు. బియ్యం, మందులు, మనుషులు."

"అంటే లారీ లాంటివా?"

"అచ్చం లారీయేనండి. రెక్కలుంటాయి, అంతే."

అడిగినాయన మొహంలో హుషారు చప్పున చల్లారిపోయేది. అటు తిరిగి వేరేవాళ్ళతో మాటల్లో పడిపోయేవాడు. నాకు ఒళ్ళు మండేది. "ఒక్కసారి అవునండీ అంటే మీ సొమ్మేం పోయింది మావయ్యగారూ?" అని దెబ్బలాడేదాన్ని. "మన బండి పేరు మనం చెప్పుకోవాలమ్మా. పక్కవాడి బండి పేరు చెప్పుకుంటే ఏం బాగుంటుంది?" అనేవారు.

విమానాల గురించి నేను నేర్చుకున్నదంతా చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ నేర్చుకున్నదే. కాపురానికొచ్చిన కొత్తలో మధ్యాహ్నాలు నేను కూర తరుగుతుంటే, తనూ ఒక పళ్ళెం లాక్కుని ఎదురుగా కూర్చునేవారు. "మిగ్ ఇరవై ఒకటి ఉందనుకో, సర్రున పైకెక్కి శత్రువు విమానానికి అడ్డం పడడం దాని పని. ఎక్కువసేపు ఉండలేదు, నూనె అయిపోద్ది. జాగ్వార్ అలాక్కాదు. నేలకి ఆనుకుని చప్పుడు చేయకుండా వెళ్ళి, బాంబులేసి వచ్చేస్తుంది. చేతక్ అని చిన్న హెలికాప్టర్, దెబ్బలు తగిలినవాళ్ళని మోసుకొస్తుంది. కిరణ్ మీద పిల్లలు నేర్చుకుంటారు. ఐఎల్ డెబ్భై ఆరు అయితే మహాకాయం, యుద్ధ ట్యాంకుని కూడా కడుపులో పెట్టుకుపోద్ది. దాని తోడబుట్టినది ఇంకోటుంది, అది గాల్లోనే మిగతావాటికి నూనె పోస్తుంది."

"మరి మీది?"

అప్పుడు గొంతు మారిపోయేది. "మాది ఏఎన్ ముప్పై రెండు" అని ఇంట్లో ఆవు గురించి చెప్పినట్టు మొదలుపెట్టేవారు. "ఇంజన్లు రెక్కల కింద ఉండవమ్మా, పైన కూర్చుంటాయి. చూడ్డానికి ఏమంత బాగోదు. మంచు కొండల్లో రోడ్డు మూసుకుపోయిందనుకో, అక్కడి జవాను నోట్లోకి ముద్ద వెళ్ళేది దానివల్లే. అందరూ ఫైటర్లే అయితే బియ్యం ఎవరు మోస్తారు?"

ఈ లెక్కనే ఇంట్లోవాళ్ళందరినీ విమానాల కింద విడగొట్టేవారు. మా ఆడపడుచు జాగ్వారట. వస్తున్నట్టే తెలీదు, వచ్చి ఒక మాట వేసేసి వెళ్ళిపోతుంది. మా ఆయన కిరణ్, ఎప్పటికీ నేర్చుకుంటూనే ఉంటాడు. అత్తయ్యగారు గాల్లో ఉన్నవాళ్ళకి నూనె పోసే విమానం. ఆ మాటకి అత్తయ్యగారు వంటింట్లోంచి "చాల్లెండి సంబడం" అనేవారు గానీ లోపల్లోపల మురిసిపోయేవారని నా అనుమానం.

ఇలా ఉండగా మా డ్వాక్రా సంఘానికి మందు కొట్టే డ్రోన్ ఇస్తామన్నారు. సంఘంలో ఒకరు ట్రైనింగుకి వెళ్ళి, పరీక్ష పాసై, దాన్ని నడపాలి. ఇంటర్ చదివింది నేనొక్కదాన్నే. అత్తయ్యగారు మొహం మాడ్చుకున్నారు. ఆడమనిషి రిమోట్ పట్టుకుని చేలగట్ల మీద నిలబడడమేంటి, నలుగురూ నవ్వరా అన్నారు. మా ఆయన ఎటూ తేల్చలేదు. మావయ్యగారు మాత్రం "వెళ్ళమ్మా. నడిపేది నువ్వు, కింద పని నాది" అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని వెళ్ళాను.

సర్టిఫికెట్టు చేతికొచ్చింది గానీ నాకు లోపల భయమే. అది సంఘం సొత్తు. కొబ్బరి మొవ్వుకో కరెంటు తీగకో తగిలిందంటే ఇంకోసారి నా చేతికివ్వరు. ఊళ్ళో ఏ ఆడమనిషి చేతికీ ఇవ్వరు. ఈ సంగతి నాకెంత తెలుసో ఆయనకీ అంత తెలుసు.

మొదటి రోజు. రామచంద్రపురం రోడ్డు పక్కన చేను. ఎవరు చెప్పారో ఏంటో, ఊళ్ళో సగం జనం గట్ల మీదే ఉన్నారు. మావయ్యగారు ఒక పాత తలుపు చెక్క తెచ్చి నేల మీద పరిచారు. దాని మీద డ్రోన్ పనిముట్లన్నిటి ఆకారాలూ సుద్దతో గీసి ఉన్నాయి. పని అయ్యాక ప్రతి పనిముట్టూ దాని బొమ్మ మీదకి రావాలి. ఒక్క బొమ్మ ఖాళీగా ఉన్నా విమానం కదలకూడదు. సర్వీసులో వాళ్ళ పద్ధతి అదేనట. ఇంతకుముందు వంటింటి గోడ మీద గరిటెలకి, అట్లకాడకి ఇలాగే గీస్తే అత్తయ్యగారు తడిగుడ్డ పెట్టి తుడిచిపారేశారు.

రెక్కలు బిగించాను. మందు పోశాం. బ్యాటరీ పెట్టాం. చెక్క మీద ఒక బొమ్మ ఖాళీగా ఉంది. మరలు బిగించే చిన్న ఎల్ కీ లేదు.

"ఎగరదు" అన్నారు మావయ్యగారు.

"మావయ్యగారూ, ఎక్కడో గడ్డిలో పడి ఉంటుంది, తర్వాత వెతుక్కుందాం" అన్నాను, పళ్ళ బిగువున.

"గడ్డిలో పడిందో, మోటారు పక్కన పడిందో నువ్వు చూశావా? చూడలేదు కదా. ఎగరదు."

వెతికాం. గడ్డి దువ్వాం, డ్రోన్‌ని మళ్ళీ విప్పాం, సంచులు బోర్లించాం. ఎండెక్కుతోంది. "ఈ పాటికి చేత్తో కొట్టేసుకుంటే అయిపోను" అన్నాడొకాయన. "మిలట్రీ గారు కోడలి చేత కవాతు చేయిస్తున్నారోయ్" అని ఇంకొకాయన. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ నిమిషాన ఆయన మీద వచ్చిన కోపం ఇంకెవరి మీదా రాలేదు. నన్ను ఎగరమన్నది ఈయనే, నలుగురిలో రెక్క విరిచి కూర్చోబెట్టిందీ ఈయనే అనుకున్నాను. కళ్ళమ్మట నీళ్ళొచ్చేస్తుంటే కొంగు లాగి తుడుచుకోబోయాను. చేతికి గట్టిగా ఏదో తగిలింది. ఎల్ కీ! బీరువా తాళంచెవి దోపుకునే అలవాటు కొద్దీ, రెక్క బిగించగానే రొంటిని దోపేసుకున్నాను!

గట్ల మీద ఒకటే నవ్వు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఆయన మాత్రం నవ్వలేదు. కీ అందుకుని, దాని బొమ్మ మీద పెట్టి, "దొరికింది. ఇప్పుడు ఎగురుతుంది" అన్నారు, అసలేమీ జరగనట్టు. తర్వాత నా పక్కకొచ్చి మెల్లిగా చెప్పారు: "ఓసారి స్క్రూడ్రైవర్ కోసం నేను విమానం ఆపేశాను. ఆఫీసర్ ఎగిరిపడ్డాడు. చివరికది మా కింద పనిచేసే కుర్రాడి మేజోడులో దొరికింది. వాడికంటే నువ్వే నయం. ఎగిరేవాళ్ళకి ధైర్యం ఉండాలమ్మా. ఎగరనిచ్చేవాడికి అనుమానం ఉండాలి. ఇద్దరికీ ధైర్యమే ఉంటే కొంప మునుగుద్ది."

అప్పుడు డ్రోన్ రెక్కలకి తను కట్టిన ఎర్రగుడ్డ పీలికలు ఒక్కొక్కటే విప్పారు. అవి ఉన్నంతసేపూ ఎగరకూడదని గుర్తు. అన్నీ విప్పి, గుప్పిట్లో పట్టుకుని, నాకు కనపడేలా చెయ్యెత్తి చూపించారు. నేను చూశానని తలూపాను. ఆయన మడమలు దగ్గరకి చేర్చి, వెన్ను నిటారుగా పెట్టి, నాకు సెల్యూట్ కొట్టారు.

గట్ల మీద నవ్వు ఠక్కున ఆగిపోయింది. మావగారేంటి, కోడలికి సెల్యూట్ కొట్టడమేంటి! ఆ సాయంత్రానికే మూతులు తిప్పారు, మరియాదలు మంటగలిసిపోయాయన్నారు. ఇంటికొచ్చాక అత్తయ్యగారు కూడా అడిగేశారు. "కోడలికి కొట్టలేదే. ఎగిరేవాళ్ళకి కొట్టాను" అన్నారాయన, చెంబుతో కాళ్ళు కడుక్కుంటూ.

ఆ మొదటి చేను ఎలా కొట్టానో నాకు గుర్తులేదు. డ్రోన్ లేచింది, మందు పడింది, ఏ కొబ్బరాకుకీ తగలకుండా దిగింది. అంతవరకే గుర్తు. అప్పట్నుంచి ఆయన పోయే వారం దాకా ప్రతి చేనుకీ ఇద్దరమే వెళ్ళాం. బండి వెనక సీట్లో మందు డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. ఆయాసం ఎక్కువయ్యాక వద్దన్నా వినేవారు కాదు. ఆ ఆఖరి వారం మాత్రమే ఇంట్లో ఉండిపోయారు.

మిగ్ ఇరవై ఒకటికి సర్వీసులోంచి వీడ్కోలు ఇచ్చిన రోజు టీవీ ముందు నుంచి కదల్లేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటుంటే, "మీ బండి కాదు కదా మావయ్యగారూ, ఎందుకంత బాధ?" అన్నాను. "మా బండి కాకపోతే ఏం, ఒక ఊరివాళ్ళమే కదమ్మా" అన్నారు. ఆ వెంటనే కొంచెం గర్వంగా, "మాది ఇంకా బియ్యం మోస్తూనే ఉంది" అన్నారు.

పెద్దకర్మ అయిన సాయంత్రం వీధి వరండాలో నా సంగతి తేల్చడానికి కూర్చున్నారు. "ఇక ఆ డ్రోన్ సంఘానికి తిరిగిచ్చేయ్ వదినా. నాన్న ఉన్నారు కాబట్టి సాగింది" అంది మా ఆడపడుచు. దాన్లో అబద్ధమేం లేదు. కింద ఒక మనిషి లేకుండా ఆ పని అవదు. రైతులు ఒకపూట బ్యాటరీలు అందిస్తారు గానీ, అనుమానపడడం వాళ్ళకేం తెలుసు? మా ఆయన ఉద్యోగం మానుకుని రాలేరు. "నాన్న లేకుండా ఎలా చేస్తావే?" అన్నారాయన కూడా. ఆ మాటలో కోపం లేదు, అందుకే నాకు ఇంకా దుఃఖం వచ్చింది. ఏడ్చేశాను. మావయ్యగారి కోసం ఎంత ఏడ్చానో, నా పని పోతోందని అంత ఏడ్చాను. చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు.

లోపలి గదిలోంచి అత్తయ్యగారి గొంతు వినపడింది.

"రేపు ఏ ఊరమ్మాయ్?"

ఎవరికీ అర్థం కాలేదు. ఆవిడే గుమ్మంలోకొచ్చి నిలబడ్డారు. "మందు కొట్టడానికి పిలిచారుగా ఎవరో. ఏ ఊరు? నేనొస్తాను."

"అమ్మా! ఏడాది తిరక్కుండా గడప దాటితే ఏమంటారే నలుగురూ?" అంది ఆడపడుచు.

"ఎవరింటికీ పేరంటానికి వెళ్ళట్లేదుగా. పొలానికి వెళ్తున్నాను" అన్నారు అత్తయ్యగారు.

మర్నాడు పొద్దున్నే బండి మీద వెనక కూర్చున్నారు. గట్టు మీద నేను సామాను దించి, ఒక్కొక్కటీ చెబుతుంటే విన్నారు. నేను బిగించిన ప్రతి రెక్కనీ వేలితో కదిపి చూశారు. ఒకటి నచ్చక, "మళ్ళీ బిగించు" అన్నారు. బిగించాను.

"ఇలాగే చేసేవారా, అక్కడ కూడా?" అన్నారు ఉన్నట్టుండి.

"మీరెప్పుడూ చూడలేదా అత్తయ్యగారూ? అన్నేళ్ళు క్వార్టర్స్‌లో ఉన్నారుగా?"

"మమ్మల్ని లోపలికెక్కడ రానిచ్చేవాళ్ళు? పొద్దున్నే క్యారేజీ కట్టిస్తే పట్టుకెళ్ళేవారు. సాయంత్రం నూనె వాసనతో వచ్చేవారు. మధ్యలో ఏం చేసేవారో నేనడగలేదు, ఆయన చెప్పలేదు."

డ్రోన్ లేచింది. గాలికి వరి పైరు గుండ్రంగా వంగింది. అది ఆ చివరికి కదలగానే అత్తయ్యగారు చెప్పులు విడిచి, గట్టు మీద దాని వెంబడే నడవడం మొదలుపెట్టారు. "జారుతుందండీ, నిలబడండి!" అని అరిచాను. వినిపించుకోలేదు. అది చివరిదాకా వెళ్ళి తిరిగితే ఆవిడా అక్కడిదాకా వెళ్ళి తిరిగారు. బురద గట్టు మీద ఒక చేత్తో కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, తలెత్తి, దాని మీంచి చూపు తిప్పకుండా, అది దిగేదాకా అలా వెళ్తూ వస్తూనే ఉన్నారు.