చెరిపేసిన వాన

పదకొండేళ్లు నేను ఒక మండల ఆఫీసులో గణాంకాల ఉద్యోగం చేశాను. ఆ మండలం పేరు చెప్పను. ఆఫీసు ఆవరణలో వర్షమాపకం ఉండేది. నేలలో దించిన గొట్టం, పైన గరాటు, లోపల నీళ్లు పట్టే సీసా. ప్రతి ఉదయం ఎనిమిదిన్నరకు ఆ నీళ్లను గీతల గాజు గ్లాసులో పోసి, ఎన్ని మిల్లీమీటర్లో చూసి రిజిస్టరులో రాయాలి. నా ఉద్యోగంలో కళ్లతో చూసి చేయవలసిన పని అదొక్కటే.

నా కాపురం అనంతపురంలో. ఎనిమిదిన్నరకు నా బస్సు దారిలోని బత్తలపల్లి కూడా దాటేది కాదు. బస్సులోంచే అటెండరుకు ఫోన్ చేసేవాణ్ని. అతనూ ఆ సమయానికి ఇంట్లోనే ఉండేవాడు.

"ఏమప్పా, వాన పడిందా?"

"పడినట్లే ఉండాది సార్. మా ఎనుము ఈపు తడిసింది."

"ఎంతమటుకు తడిసింది?"

"తోక దాకా రాలేదు సార్."

"అయితే నాలుగు రాయి."

ఇద్దరం నవ్వుకునేవాళ్లం. పంట నష్టం తేల్చేటప్పుడు ఆ అంకెలే చూస్తారని నాకు తెలుసు. తెలిసే నవ్వాను. పక్క మండలాల అంకెలు కనుక్కొని, మాది వాటికి మరీ దూరం పోకుండా చూసుకునేవాణ్ని. అది పనితనమని కూడా అనుకున్నాను.

రెండేళ్ల కిందట ఫిబ్రవరిలో మా ఆఫీసున్న ఊరి ఆడపిల్లల హైస్కూలులో సైన్స్ ప్రదర్శన పెట్టారు. బహుమతులు నిర్ణయించడానికి నన్ను పిలిచారు. మైకు పట్టుకొని పావుగంట మాట్లాడాను. ఆడపిల్లలు శాస్త్రవేత్తలు కావాలన్నాను. ఎవరు చెప్పినా గుడ్డిగా నమ్మకుండా ప్రశ్నించాలన్నాను. చప్పట్లు బాగానే పడ్డాయి. వాళ్లు కప్పిన శాలువా భుజం మీదే ఉంచుకొని బల్లలు చూడటానికి బయల్దేరాను.

నాలుగో బల్ల వెనక తొమ్మిదో తరగతి అమ్మాయి నిలబడి ఉంది. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా మెడ కోసి, తిరగేసి, గరాటులా లోపల కూర్చోబెట్టింది. అడుగున గులకరాళ్లు, పక్కన అతికించిన స్కేలు. జూన్ నుంచి ప్రతి ఉదయం వాళ్ల మిద్దె ఎక్కి వాన కొలిచి నోట్సులో పెన్సిలుతో రాసుకుంది. సైన్స్ టీచరు మా ఆఫీసు నుంచి తెప్పించి ఇచ్చిన వాన లెక్కల పట్టికను కూడా ఆ పక్కనే అంటించుకుంది.

"సార్, మీ లెక్కకు నా లెక్కకు కలవడం లేదు," అంది. "ఆగస్టులో శెనక్కాయ ఊడలు దిగేటప్పుడు పది దినాలు నా సీసాలో చుక్క లేదు. మీ లెక్కలో మూడు తూర్లు వాన ఉండాది. మా ఇల్లు మీ ఆఫీసు ఎనక వీధే సార్. రెండు తూర్లు సీసా మార్చి చూసినా. యాడ తప్పు పోతాండానో చెప్పండి."

ఆ మూడు వానలూ పక్క మండలంలో పడినవి. మా మండలంలోనూ పడే ఉంటాయని రాసుకున్నవి. ఆ పిల్ల గొంతులో నా మీద అనుమానం ఏ కోశానా లేదు. తప్పు తనదేనన్న నమ్మకంతో, దాన్ని పట్టుకోవడానికి నా సాయం అడుగుతోంది.

చుట్టూ హెడ్మిస్ట్రెస్, టీచర్లు, పిల్లలు. నేను నవ్వాను.

"పాపా, కొలవడమంటే సాంబారులో అందాజుగా ఉప్పు వేసినట్లు కాదు. గవర్నమెంటు పరికరం గవర్నమెంటు పరికరమే."

అందరూ నవ్వారు. ఆ అమ్మాయి కూడా తల వంచుకొని నవ్వింది. అదే ప్రశ్న ఒక మగపిల్లవాడు అడిగి ఉంటే సాంబారు మాట నా నోటికి వచ్చేది కాదు. మొదటి బహుమతి పొగలు కక్కే అగ్నిపర్వతానికి ఇచ్చాను.

పది రోజుల తర్వాత సైన్స్ టీచరు ఆ నోట్సు తీసుకొని మా ఆఫీసుకు వచ్చింది.

"సార్, ఆ పాపది జిల్లా ప్రదర్శనకు పంపిస్తాండాము. ఇప్పుడు అంతా కలిసింది. మీరు సరిచూసినట్లు సంతకం పెడితే చాలు."

"ఎట్ల కలిసింది?" అన్నాను.

"మీ పట్టిక చూసి సరిచేసుకోమంటి. రెండు దినాలు కూచోని అన్నీ దిద్దింది సార్. చానా బుద్ధిమంతురాలు."

నోట్సు తెరిచాను. జూన్ నుంచి ప్రతి పేజీలోనూ నా అంకెలే, పెన్నుతో, గుండ్రటి దస్తూరీలో. వాటి కింద రబ్బరుతో చెరిపిన మసక మరకలు. ఆగస్టు పేజీ చెరిపి చెరిపి ఒకచోట చిరిగిపోయింది కూడా. బస్సు సీటులో కూర్చొని ఎనుము వీపును బట్టి నేను చెప్పిన నాలుగులూ ఆరులూ, ప్రతి ఉదయం మిద్దె ఎక్కి కళ్లతో చూసిన అంకెల మీద కూర్చున్నాయి.

ఏం జరిగిందో నాకు పూర్తిగా అర్థమైంది. అర్థమై కూడా సంతకం పెట్టాను. ముద్ర కూడా వేయించాను. టీచరు దండం పెట్టి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం క్యారియర్ విప్పాను. పదకొండేళ్లుగా నా అబద్ధాలు రిజిస్టరులోనే పడి ఉన్నాయనుకున్నాను. ఒక పిల్ల తాను కళ్లారా చూసినదాన్ని తన చేతులతోనే చెరిపేసుకునేలా చేశాయని ఊహించలేదు. ఆ తప్పుడు నోట్సు పట్టుకొని జిల్లాలో నిలబడబోయేది కూడా ఆమే. మూత పెట్టేసి నడుచుకుంటూ స్కూలుకు వెళ్లాను.

టీచరు, ఆ అమ్మాయి వరండాలో కూర్చొని అట్టలు అతికిస్తున్నారు. నన్ను చూసి ఇద్దరూ లేచారు.

"పాపా, నీ లెక్కల్లో తప్పు లేదు," అన్నాను. "తప్పు నాది. నేను చూడకుండా రాస్తాంటిని."

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. "చూడకుండా ఎట్ల రాస్తారు సార్?" అంది.

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఇన్నేళ్లలో నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు.

"సార్, పిల్ల ముందర ఏం మాట్లాడతాండారు మీరు?" అని టీచరు కుర్చీలో కూలబడింది. "నేనే కదా చెరపమంటిని!"

ఆ అమ్మాయి మాత్రం గబుక్కున నోట్సు అందుకొని వరండా అంచుకు పోయి, పేజీని ఎండకు పట్టింది. పెన్సిలు నొక్కిన గాట్లు ఏమైనా మిగిలాయేమోనని వేలితో తడుముతూ చదవసాగింది. "ఇది సున్నా... ఇది పన్నెండు... ఇది కనపడటం లేదు." కొన్ని తేదీల దగ్గర నా అంకెను మరీ గట్టిగా రాసింది. వాటి కింద ఏముందో ఇక ఎవరికీ తెలియదు. అక్కడ ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకొని మరుసటి పేజీ తిప్పింది.

"నేను సంతకం పెట్టిన పేజీ చించెయ్ పాపా," అన్నాను.

"చించకూడదు సార్. కొట్టేసి, యాల కొట్టేసినామో పక్కన రాయాల. మేడమే చెప్పింది."

పెన్ను నా చేతికిచ్చింది. సంతకం మీద గీత గీశాను. కింద, 'ఈ పట్టికలోని అంకెలు కొన్ని రోజులు పరికరం చూడకుండా రాసినవి' అని రాసి ఇచ్చాను. ఆమె చదివి, నోట్సు మళ్లీ నా ముందే పెట్టింది.

"కొన్ని రోజులంటే ఎన్ని సార్?"

వంద అని చెప్పవచ్చు. రెండు వందలనీ చెప్పవచ్చు. నోటికి వచ్చిన అంకె చెప్పడం నాకు బాగా అలవాటు.

"తెలీదు పాపా."

"అయితే అట్లే రాయండి."

రాశాను. ఆ నోట్సు అట్లే, ఖాళీలతో, నా కొట్టివేతతో జిల్లాకు పోయింది. అది చదివిన అధికారులు వారం తిరక్కుండానే నన్ను సంజాయిషీ అడిగారు.